మా అన్నకు నేను చెప్పిన మాట

జైతూన్ మా వదిన. ఆమె పోయి ఏడాది నిండిన రోజున మా అన్న ఇంట్లో ఫాతిహా చదివించారు. వంటంతా మా మేనకోడలు నస్రీన్ నెత్తినేసుకుంది. బగారా అన్నం, దాల్చా, సొరకాయ ఖీర్. మగవాళ్లు తిని లేచాక ఆడవాళ్లం దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నాం. అప్పుడు మా గల్లీ చివరింటి ముసలావిడ నలుగురూ వినేట్టుగా, వదినా ఆడబిడ్డలంటే జైతూన్, రజియాల్లాగా ఉండాలని అంది. నలభై ఏళ్లలో వాళ్లిద్దరి మధ్య ఒక్క ఎత్తిపొడుపు మాట తాను వినలేదంది. అందరూ అవునన్నారు. కోడళ్లున్నవాళ్లు కోడళ్ల వైపు చూస్తూ రెండోసారి కూడా అవునన్నారు. నస్రీన్ దుపట్టాతో కళ్లొత్తుకుని నా పళ్లెంలో ఇంకో మాంసం ముక్క వేసింది. రజియా అంటే నేనే. ఆ ముక్క తిన్నాను. తినకుండా లేస్తే ఎందుకని అడుగుతారు.

ఆ ముసలావిడ అన్నది అబద్ధం కాదు. మేం పోట్లాడుకోలేదు. పోట్లాడుకోవాలంటే ముందు మాట్లాడుకోవాలి కదా. ముప్పై మూడేళ్లు పిల్లలకు తెలుగు చెప్పాను. ఎవడు ఎక్కడ అబద్ధం రాశాడో, ఎవడు పక్కవాడిది చూసి రాశాడో కాగితం పట్టుకోగానే చెప్పేదాన్ని. నా సంగతి మాత్రం ఒక్క వాక్యం కూడా ఎక్కడా రాసుకోలేదు. ఆ రోజు ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, పాత పరీక్ష కాగితాల కట్ట తీసి, వెనకవైపు రాయడం మొదలుపెట్టాను. ఇవి నేను బతికుండగా ఎవరికీ ఇవ్వను. పోయాక ఎవరి చేతిలో పడతాయో అన్న భయం ఇప్పటినుంచే ఉంది.

మేం దూదేకులవాళ్లం. మెదక్‌లో కోట కింది గల్లీలో మా ఇల్లు. ముందు గది నాయిన పనికి, వెనక గది మా బతుక్కి. ముందు గదిలో దూలానికి వేలాడే పెద్ద విల్లు, దాని నారిని కొట్టే కొయ్య గుండు. పొద్దున నమాజయ్యాక ఆ విల్లు మోత మొదలైతే మధ్యాహ్నం దాకా ఆగేది కాదు. ఆ మోతలోనే నేను ఎక్కాలు నేర్చుకున్నాను, ఆ మోతలోనే నిద్రపోయాను, అది ఆగితేనే మెలకువ వచ్చేది. నాయిన ముక్కుకు గుడ్డ కట్టుకుని పనిచేసేవాడు. పని దిగాక ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుని, గొంతులోని దూది దిగుతుందని, చాలాసేపు చప్పరించేవాడు. అయినా ఆయన దగ్గు మాకు విల్లు మోతకు తోడుగానే వినపడేది. ఆయన వెంట్రుకలు నెరిశాయో, దూది పట్టిందో పండగ నాడు తలంటుకుంటే గాని తెలిసేది కాదు.

ఊళ్లోవాళ్లు పాత పరుపులు విప్పించి, దూది మళ్లీ ఏకించుకోవడానికి మా ఇంటికి తెచ్చేవాళ్లు. ఒక్కో పరుపుది ఒక్కో వాసన. కొబ్బరినూనె, చెమట, పసిపిల్లల ఉచ్చ, అమృతాంజనం, రోగిష్టివాళ్ల కషాయం. పరుపు విప్పగానే అమ్మ ఇది ఫలానావాళ్లదని చెప్పేసేది. ఎవరింట్లో మొగుడూ పెళ్లాలు వేరుగా పడుకుంటున్నారో, ఎవరింట్లో ముసలాయన మంచాన పడ్డాడో అమ్మకు తెలిసినంతగా ఊళ్లో డాక్టరుకు కూడా తెలియదు. కానీ అమ్మ నోరు విప్పేది కాదు. ఒకరి పరుపు సంగతి ఇంకొకరికి చెప్తే గిరాకీ పోతుందనేది. చర్చి దగ్గరివాళ్లు క్రిస్మస్‌కు ముందు దిండ్లు కుట్టించుకునేవాళ్లు. హవేలిఘనపూర్ దిక్కు రైతులు వరికోతలయ్యాక, చలి ముదరకముందే, బొంతలకు వచ్చేవాళ్లు. ఆ రెండు నెలలూ మా అన్నంలో కూడా దూది ఉండేది.

మేం ఇంట్లో మాట్లాడేది తెలుగు. చదివే నమాజు అరబ్బీ. ఉర్దూ మాట్లాడే ముస్లిములకు మేమంటే చులకన. వాళ్ల పెళ్లిళ్లకు పిలిచినా పంక్తి చివర కూర్చోబెట్టేవాళ్లు, సగం ముస్లిములని వెనక నవ్వేవాళ్లు. అది నాయినకు ఎక్కడో తగిలింది. మేం పూర్తి ముస్లిములమేనని చూపించుకోవడానికి ఆయన మిగతావాళ్లకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. గల్లీలో మొదట బుర్ఖా వేసుకున్నది మా అమ్మ. గోడ మీది సినిమా క్యాలెండరు పోయింది, రేడియో పోయింది. గురువారం గురువారం మతబోధ చేసే ఒక ఆపా వచ్చి, గల్లీ ఆడవాళ్లను మా వెనక గదిలో కూర్చోబెట్టుకుని, ఏది పాపం, ఏది పుణ్యం చెప్పిపోయేది. నన్ను చదివించడానికి మాత్రం ఆయన అడ్డు చెప్పలేదు. ఆ ఒక్క కిటికీ ఎందుకు తెరిచి ఉంచాడో నాకు ఇప్పటికీ తెలియదు. డిగ్రీ అయ్యాక హవేలిఘనపూర్‌లో టీచర్ ట్రైనింగ్‌కు బస్సులో పోయివచ్చేదాన్ని.

జైతూన్ అల్లాదుర్గ్ నుంచి వచ్చింది. తండ్రి పోతే మేనమామ తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. ఆ మేనమామ ఇల్లు మాకు రెండిళ్లవతల. ఊరికే తిండి పెట్టడం ఇష్టం లేక మా ఇంటికి పరుపులు కుట్టే పనికి పంపాడు. అప్పుడు నాకు ఇరవై, ఆమెకు ఇరవై ఒకటి. చామనఛాయ, పొడుగు మనిషి, తక్కువ మాట. కుట్టు మాత్రం చూడాలి. అమ్మ ముప్పై ఏళ్లుగా కుడుతున్న మనిషి, ఆమె కూడా జైతూన్ వేసిన వరస మీద వేలు పెట్టి చూసి ఏమీ అనకుండా లేచిపోయేది. అమ్మ ఏమీ అనకపోవడమంటే మెచ్చుకున్నట్టే.

దూది నింపిన పరుపును నిలబెట్టి చెరోవైపు ఇద్దరు కూర్చుని కుట్టాలి. ఇటునుంచి ఒకరు దబ్బనం గుచ్చితే అటునుంచి ఇంకొకరు లాగి, దారం బిగించి, మళ్లీ ఇటు పంపాలి. మధ్యలో పరుపు ఉంటుంది కాబట్టి ఎదుటి మనిషి కనపడదు. దారం బిగువును బట్టే తెలియాలి, ఆమె తయారుగా ఉందా, అలసిపోయిందా, కోపంగా ఉందా అని. ట్రైనింగ్ నుంచి రాగానే నేను అటువైపు కూర్చునేదాన్ని. నెల తిరిగేసరికి నాకు ఆ దారం భాష వచ్చేసింది. ఒకసారి ఆమె అటునుంచి దబ్బనం పంపకుండా ఊరికే దారం లాగి వదిలింది. ఏమిటని అడిగితే, ఏం లేదు, ఉన్నవా లేవా అని చూసిన అంది. ఆ సాయంత్రమంతా నాకు అన్నం సహించలేదు. ఆకలిగా ఉండి కూడా సహించలేదు.

తర్వాత ఎట్లా మొదలైందో వరసగా చెప్పమంటే చెప్పలేను. మధ్యాహ్నం నాయిన, అన్న నమాజుకు పోయేవాళ్లు. అమ్మ ఒక కునుకు తీసేది. ముందు గదిలో మోకాలి లోతు ఏకిన దూది ఉండేది. తలుపు వేయడానికి మాకు సాకు అక్కర్లేదు, గాలికి దూది ఎగిరిపోతుంది కాబట్టి మా ఇంట్లో ఆ తలుపు ఎప్పుడూ వేసే ఉండేది. ఆ దూదిలో పక్కపక్కన పడుకుని ఆమె నా చెయ్యి తన గుండెల మీద పెట్టుకునేది. ముద్దు పెట్టుకున్నాక ఒకరి కనుబొమల మీది దూది ఒకరం తీసి, అన్నీ సరిచూసుకుని, అప్పుడు తలుపు తీసేవాళ్లం. నాకు ఆమె అంటే ప్రేమ. రెండు అక్షరాల మాట, పిల్లలకు బోర్డు మీద ఎన్నోసార్లు రాశాను. ఆమె పేరు పక్కన రాయడానికి అరవై మూడేళ్లు పట్టింది.

బయట మేం కలిసి తిరగగలిగిన చోటు చర్చి కాంపౌండు ఒక్కటే. మావాళ్లెవరూ అటు రారు. దిండ్లు ఇచ్చివచ్చే పనుంటే ఇద్దరం పోయి, ఇచ్చేశాక ఆ మెట్ల మీద పావుగంట కూర్చునేవాళ్లం. లోపల రంగు అద్దాల వెలుగు నేల మీద పడేది. జైతూన్ అందులో కాళ్లు పెట్టుకుని ఎర్ర పాదం, నీలం పాదం అని చూపించేది. ఆ పావుగంటలో మేం ఏదీ మాట్లాడుకున్నట్టు గుర్తులేదు. చెప్పులు చేతిలో పట్టుకుని ఆమె నవ్వడం గుర్తుంది.

ఒక గురువారం ఆపా పాపాల వరసలో ఆడది ఆడదాన్ని కోరడం గురించి కూడా ఒక ముక్క చెప్పింది. రెండే మాటలు, చీదరించుకుంటూ చెప్పి, వడ్డీ గురించిన పాపంలోకి వెళ్లిపోయింది. గదిలో ఎవరూ తల ఎత్తలేదు. జైతూన్ నేల మీది చాప పుల్ల ఒకటి పీకుతూ కూర్చుంది. నాకు భయమేసింది. అదే సమయంలో ఇంకొకటి కూడా తట్టింది. తిట్టడానికి మాట ఉందంటే మాలాంటివాళ్లు ఇంకెక్కడో ఉన్నారన్నమాట. మాలాంటివాళ్ల గురించి నేను మొదటిసారి విన్నది ఆ తిట్టులోనే.

రెండేళ్లు అట్లా గడిచాయి. మేనమామ జైతూన్‌కు నిజామాబాద్ దిక్కున ఒక సంబంధం చూశాడు. పెళ్లాం పోయినవాడు, ఇద్దరు పిల్లలు. జైతూన్ ఆ మాట నాకు దూది గదిలో కాకుండా బావి దగ్గర చెప్పింది. ఏడవలేదు. ఇంక కుట్టడానికి ఎవరిని పెట్టుకుంటారు మీరు అని అడిగింది. నేను రాత్రంతా ఆలోచించానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, నిజానికి ఆ బావి గట్టు మీదే, బొక్కెన పైకి వచ్చేలోపల, నాకు ఉపాయం తట్టింది. అంత తొందరగా తట్టినందుకు నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా అన్న పేరు ఖాజా. నాకంటే ఆరేళ్లు పెద్ద. నాయినతో పాటు విల్లు పట్టినవాడు, తర్వాత ఏకే మిషను తెచ్చి పెట్టినవాడు. సిగ్గరి. ఆడపిల్లలు పరుపు కుడుతుంటే ఆ గదిలోకి రావడానికి దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి వచ్చేవాడు. నేను పరీక్షలకు పోతుంటే బజారుకెళ్లి కొత్త పెన్ను కొనుక్కొచ్చి, నాకివ్వకుండా నా పుస్తకాల మీద పెట్టిపోయేవాడు. జైతూన్‌ను మా అన్నకు చేసుకుంటే ఆమె మా ఇంటిదే అవుతుంది. వదినా ఆడబిడ్డలు ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో, ఒకే గోడ చాటున ఉంటే ఎవరు ఏమంటారు. పైగా మెచ్చుకుంటారు. ఇదీ నా లెక్క. ఆ లెక్కలో మా అన్న ఒక తలుపు గొళ్లెం మాత్రమే. ఆయనకు కూడా ఒక మనసుంటుందని, రాత్రిళ్లు కూడా ఉంటాయని డిగ్రీ చదివిన నా బుర్రకు తట్టలేదు.

మాలో సంబంధం ఆడవాళ్ల నోటనే నడుస్తుంది. పిల్లవాడు పిల్లను చూడడు, పిల్లతో మాట్లాడడు. అతని తల్లి, చెల్లెలు చూసివచ్చి ఏం చెప్తే అదే. పిల్ల మనసు పిల్లవాడికి తెలియాలన్నా చెల్లెలి మాటే దారి. అమ్మ మొదట ఒప్పుకోలేదు. తండ్రిలేని పిల్ల, చేతిలో ఏమీ లేదు అంది. చెవినిల్లు కట్టుకుని పోరాను. అట్లాంటి కుట్టు మనకు ఇంకెక్కడ దొరుకుతుందన్నాను. అది పనిచేసింది. జైతూన్ మాత్రం నా మొహం వంకే చూస్తూ, "ఎట్లుంటదే గట్ల? మీ అన్నతోని నేనెట్లుంట?" అంది. "ఉంటవ్. నేనున్న గదా" అన్నాను. చదువుకున్నదాన్ని కదా, నాకు తెలుసనుకుంది.

మా అన్న ఒకనాడు మిషను ఆపి నన్ను పిలిచాడు. తల ఎత్తకుండా, చేతిలోని దూది పోగు పీకుతూ అడిగాడు.

"చెల్లె, గా పిల్లకు ఇష్టమేనా? మామ చెప్పిండని ఒప్పుకుంటుందా? జర అడుగు. ఇష్టం లేకుంటె నాకొద్దు."

ఆయన అడగకుండా ఉంటే బాగుండేది. అడిగాడు. నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"నువ్వంటె పాణం పెడుతది అన్నా. నాతోని చెప్పింది. ఎవలకు చెప్పకు."

మా అన్న ముఖం చెవుల దాకా ఎర్రబడింది. మిషను మళ్లీ వేసి, దాని చప్పుడు చాటున నిలబడ్డాడు. మర్నాటి నుంచి పనిలోకి దిగే ముందు కూడా తల దువ్వుకోవడం మొదలుపెట్టాడు. దూదిలో పనిచేసేవాడు తల దువ్వుకోవడమేమిటని నాయిన నవ్వాడు. నేను కూడా నవ్వాను.

పెళ్లి పరుపు మేమే కుట్టాం, జైతూన్ అటువైపు, నేను ఇటువైపు. అప్పుడు కూడా నాకు బుద్ధి రాలేదు. నిఖా రోజు పెళ్లికూతురి తరఫు వకీలు, ఇద్దరు సాక్షులు పరదా అవతల నిలబడి, ఫలానా ఖాజాతో నిఖా నీకు సమ్మతమేనా అని అడిగారు. జైతూన్ పలకలేదు. సిగ్గనుకున్నారు. రెండోసారి అడిగారు. అప్పుడు కూడా పలకలేదు. పెళ్లికూతురు పలకకపోతే తల ఊపినా చాలునంటారు. పక్కన కూర్చున్న ఆడవాళ్లు మెల్లగా తల వంచి ఊపిస్తారు, అది తప్పుగా ఎవరూ చూడరు. ఆమె పక్కన కూర్చున్నది నేను. దుపట్టా కింద నా చెయ్యి ఆమె మెడ వెనక ఉంది. మూడోసారి అడిగినప్పుడు ఆ మెడ గట్టిగా బిగుసుకుని ఉంది. నేను వంచాను. బయట ముబారక్ అన్నారు, ఖర్జూరాలు పంచారు. ఆమె తల ఎత్తి నన్ను చూసిన చూపు గురించి రాయాలని కూర్చున్నాను. రాయలేను.

పెళ్లయ్యాక పగలు మాది అవుతుందనుకున్నాను. ఇంటి కోడలు దూది గదిలో కూర్చోకూడదని అమ్మ ఆమెను వంటింట్లోకి మార్చింది. గోడ అవతల గదిలో రాత్రి మా అన్న నెమ్మదిగా ఏదో మాట్లాడుతుంటే ఆయన గొంతు ఒక్కటే వినపడేది, బదులు వినపడేది కాదు. మా అన్న చెయ్యి చేసుకునేవాడో, తాగుబోతో అయితే నాకు ఎంత హాయిగా ఉండేదో. ఆమెకు మల్లెపూలు తెచ్చేవాడు. దవాఖానకు తనే తీసుకుపోయేవాడు. ఇంట్లో నలుగురి ముందు కూర కమ్మగుందని అనేవాడు, మా నాయిన జన్మలో అనని మాట. ఆమెకు ఆయన్ని అసహ్యించుకోవడానికి కూడా దారిలేకుండా పోయింది. పొద్దున వంటింట్లోకి వచ్చేసరికి ఆమె మొహం కడిగేసిన పలకలా ఉండేది. నేను చెయ్యి పట్టుకోబోతే మెల్లగా విడిపించుకుని పిండి కలుపుకునేది. ఆ చెయ్యి మీద ఇప్పుడు హక్కు ఎవరిదో ఆమెకంటే నాకే బాగా తెలుసు, అన్నం పెడుతున్న అన్న ముందు నేను దొంగనయ్యాను.

పెళ్లైన ఎనిమిదో నెలలో నాకు ఉద్యోగం ఆర్డరు వచ్చింది. అల్లాదుర్గ్ బడి. రోజూ పోయిరావచ్చు, బస్సులున్నాయి. నేను అక్కడే కిరాయికి గది తీసుకుంటానన్నాను. అమ్మ, నాయిన వద్దన్నారు. మా అన్న, చదువుకున్న పిల్ల, అక్కడ తెలిసినవాళ్లింట్లో ఉంటుందిలే అని నా తరఫున మాట్లాడాడు. నేను బట్టలు సర్దుకుంటుంటే జైతూన్ గుమ్మంలో నిలబడింది. అప్పటికి నస్రీన్ కడుపులో ఉంది.

"నన్ను తీస్కొచ్చి ఈడ కట్టేసినవ్. ఇగ నువ్వు పోతున్నవ్" అంది. నేను ఏదో అనబోయాను. శనివారం శనివారం వస్తానన్నానేమో. ఆమె వినలేదు. "నా మెడ ఇంకా నొస్తుంది రజియా" అని, వెనక్కి తిరిగి వంటింట్లోకి పోయింది. ఆమె నన్ను పేరుపెట్టి పిలవడం అదే ఆఖరు.

తర్వాత నలభై ఏళ్లు అని ఒక్క ముక్కలో రాస్తే పోతుంది. అమ్మ, నాయిన పోయారు. విల్లు అటక మీదికి పోయింది, మిషను పాతబడింది, ఫోము పరుపులు వచ్చి దుకాణమే మూతపడింది. నేను పెళ్లి చేసుకోలేదు. మొదట్లో అన్న కుటుంబానికి ఆసరాగా ఉండాలన్నాను, తర్వాత వయసు మళ్లిందన్నాను. ఊరు నన్ను త్యాగమూర్తిని చేసింది. నేను వద్దనలేదు. శనివారం శనివారం పోయేదాన్ని. జైతూన్ పళ్లెం పెట్టి, "తిన్నవా?" అనేది. తిన్నానంటే పళ్లెం తీసేది, లేదంటే వడ్డించేది. ఆ ఒక్క మాట మీద మేం వదినా ఆడబిడ్డల పేరు నిలబెట్టాం.

నస్రీన్ కూతురు ఇప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు ఫోన్లో ఏదో చూస్తూ, ఇద్దరమ్మాయిలు కలిసి ఉంటున్నారట నానీ, ఇంట్లోవాళ్లతో చెప్పేశారట అని మామూలుగా చెప్పింది. దానికి ఇప్పుడు పేరుంది, పత్రికల్లో వస్తుంది, చట్టం కూడా నేరం కాదంటోందట. చెప్పినంత మామూలుగానే నస్రీన్ ఆ ఫోను లాక్కుని, తౌబా తౌబా అని, ఆ పిల్లను నమాజుకు లేపింది. మా రోజుల్లో మా దూదేకుల ఆడవాళ్లు కొంగు కప్పుకుని బజారుకు పోయేవాళ్లు. ఇప్పుడు గల్లీలో మూడో తరగతి పిల్ల కూడా నల్ల బట్టలో ఉంది. మాకు తలుపు వేసుకోవడానికి దూది ఉండేది. ఇప్పుడు పిల్లలకు దూది లేదు, ఫోను ఉంది, ఆ ఫోను వెనక ఎవరు చూస్తున్నారో అన్న భయం ఉంది. మేలైందో, కీడైందో నేను తేల్చలేను. నాకు ఎట్లాగూ ఆలస్యమైపోయింది.

జైతూన్‌కు గుండెపోటు. దవాఖానకు పోయేదారిలోనే అయిపోయింది. ఆడమనిషి మయ్యత్‌కు ఆడవాళ్లే స్నానం చేయిస్తారు. ఆడబిడ్డవు, నీకంటే దగ్గరెవరని నన్ను పిలిచారు. స్నానం చేయించే ఆవిడ దుప్పటి కింద చెయ్యి పెట్టి కడుగుతుంటే నేను రేగాకు వేసి కాచిన నీళ్లు పోశాను. వెంట్రుకలు నన్ను కడగమంది. తల ఎత్తి పట్టుకోవడానికి మెడ కింద చెయ్యి పెట్టాల్సివచ్చింది. పెట్టాను. నలభై ఏళ్ల తర్వాత అందరూ చూస్తుండగా ఆమెను ముట్టుకున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. ఏడిస్తే కన్నీళ్లు ఆ నీళ్లలోనే కలిసిపోయాయి. మయ్యత్ వెంట కబరస్తాన్‌కు ఆడవాళ్లు పోరు కాబట్టి గుమ్మం దాకా పోయి ఆగిపోయాను.

ఇక్కడిదాకా రాసి వారం రోజులు పక్కన పెట్టాను. నిన్న పొద్దున మా అన్న వచ్చాడు. ఈ ఏడు హజ్‌కు పోతున్నాడు. పోయేవాళ్లు బయలుదేరే ముందు చుట్టాల ఇళ్లకూ, ఇరుగుపొరుగుకూ తిరిగి, అన్నదీ విన్నదీ మాఫ్ చేయమని అడగాలి. మనుషుల దగ్గర బాకీ పడ్డ తప్పును అల్లా కూడా మాఫ్ చేయడంటారు, అందుకని. తెల్లబట్టల్లో బాగా వంగిపోయి కనిపించాడు. టీ ఇస్తే తాగాడు. తర్వాత చేతులు రెండూ కలిపి, నాకంటే ఆరేళ్లు పెద్దవాడు, చిన్నపిల్లను అడిగినట్టు కాకుండా నిజంగానే అడిగాడు. నేను మాఫ్ చేశానని, నువ్వు కూడా నన్ను మాఫ్ చెయ్యి అన్నా అని, ఆనవాయితీగా అనే మాటే అన్నాను. నా ప్రాణమంతా ఆ మాటలోనే పెట్టి అన్నాను. ఊ అంటే చాలు, దేనికో తెలియకపోయినా ఊ అంటే చాలు.

ఆయన నవ్వాడు. "నువ్వేం తప్పు జేసినవే నాకు. సంబంధం తెచ్చినవ్, ఇల్లు నిలబెట్టినవ్. నీకు మాఫీ ఏంది" అన్నాడు.

లేస్తాడనుకున్నాను. లేవలేదు. టీ కప్పును నేల మీద అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు.

"ఒక్క మాట అడుగుత చెల్లె. నిజం చెప్పు. అప్పట్ల జైతూన్‌కు నేనంటె పాణమని చెప్పినవ్ జూడు. గది నిజమేనా?"

అబద్ధమంటే, ఎందుకు చెప్పావంటాడు. ఎందుకో చెప్తే నేనొక్కదాన్నే బయటపడను. మట్టిలో ఉన్న మనిషిని కూడా లేపి నిలబెట్టినట్టవుతుంది, నస్రీన్ వాళ్లమ్మను. ఇంకొక సంగతి కూడా ఉంది, దాచడమెందుకు. ఈ వయసులో నాకు ఆ ఇంట్లో ఒక పళ్లెం ఉంది. అది పోతుందని భయపడ్డాను. నిజమేనంటే కనీసం ఆయన మనసు కుదుటపడుతుందనుకున్నాను. నా తెలివి ఇప్పటికీ అంతే.

"నిజమే అన్నా" అన్నాను.

మా అన్న టీ కప్పును పక్కకు జరిపి తల ఊపాడు.

"అయితె నేనే పోగొట్టుకున్న" అన్నాడు. "గంత పాణం పెట్టిన పిల్ల, నా ఇంటికొచ్చినంక ఒక్కనాడు మనసార నవ్వలే. నేను ఏం జేసిన్నో నాకెర్కలేదు. అడిగితె చెప్పకపాయె. నలభై ఏండ్ల సంది యాది జేసుకుంటున్న, నా తప్పు దొరుకుతలేదు. ఆమె మాఫ్ చెయ్యకుంటనే పాయె. ఇగ ఆడికి పోయి అల్లానే అడుగుత. ఏం తప్పో నాకు తెల్వకున్నా, చేసినట్టే అనుకోని మాఫ్ చెయ్యుమంట."

గోడ పట్టుకుని లేచాడు. చెప్పులేసుకోవడానికి వంగితే ఊతకు నా భుజం పట్టుకున్నాడు. బయట ఆటో ఆగి ఉంది. ఎక్కేముందు మళ్లీ తిరిగి చూసి, దువా చెయ్యి చెల్లె అన్నాడు. చేస్తానన్నాను. ఆటో మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉన్నాడు. పిలవలేదు. నేను చేసిన పాపానికి మాఫీ అడుక్కోవడానికి మా అన్న మక్కాకు పోతున్నాడు.